ఏడవనివ్వని మందు

సామ్రాజ్యం కేక ఆయిలింజను మోతను కూడా మించి వినపడింది. గింజ తీసే జిన్ను మిషన్లకు పత్తి వేస్తున్న ఆడవాళ్లంతా ఎక్కడిదక్కడ వదిలేసి లేచారు. గోడవారగా తిరుగుతున్న బెల్టు ఆమె పమిటను పట్టుకుంది. పమిటను లాక్కోబోయిన చెయ్యి కూడా దాంతోపాటే లోపలికి పోయింది. ఎవరో ఇంజను దగ్గరికి పరుగెత్తారు. ఇంకెవరో "ఆపండ్రో, ఆపండ్రో" అని గుండెలు బాదుకున్నారు. ఇంజను ఆగేసరికి పక్కనున్న దూది కుప్ప నెత్తురుతో ముద్దకట్టింది.

జ్ఞానమణి మాత్రం లేవలేదు. సామ్రాజ్యం పడిపోవడం ఆమె చూసింది. చూస్తూనే బుట్టలోంచి పత్తి తీసి జిన్నులో వేసింది. రోలరు తిరగడం మానేశాక కూడా ఆమె చెయ్యి ఇంకో గుప్పెడు తీసింది.

"నువ్వసలు మనిషివేనా?" అంటూ పక్క జిన్ను దగ్గరున్న మాణిక్యమ్మ ఆమె భుజం పట్టుకుని ఊపేసింది. "నీ కొడుకు పోయిన్నాడు నిన్ను ఒళ్లో పెట్టుకు కూచుంది ఇదేగా!"

ఆ సంగతి జ్ఞానమణికి తెలుసు. తెలియడం ఒక్కటే మిగిలింది ఆమెకు. వీధిలో పోయే ఎవరి శవయాత్రనో అరుగు మీద కూచుని చూసినట్టుగా ఉంది.

ఆమె కొడుకు బాలశౌరి ఆ మిల్లులోనే, ఆ బెల్టు పక్కనే చనిపోయాడు. పైన తిరిగే ఇరుసుకు నూనె పోయడం వాడి పని. కిందటేడు పత్తి జోరుగా వస్తున్న రోజుల్లో, ఇంజను ఆపితే పని చెడుతుందని తిరుగుతున్న ఇరుసుకే నూనె పోయించారు. మెడలో తువ్వాలు పక్కనున్న బెల్టుకు చిక్కింది, వాణ్ణి లాక్కుపోవడానికి అది చాలింది. ఆ శీతాకాలంలోనే వాడికి పెళ్లి చేద్దామనుకున్నారు.

అప్పుడు జ్ఞానమణి ఏడ్చిన ఏడుపు తిరువూరు ఊరంతా విన్నది. రోజూ పొద్దున్నే మిల్లు గేటు ముందు నిలబడి, "ఆ బెల్టు చుట్టూ కంచె కట్టిస్తే నా బిడ్డ బతికేవాడు, వీళ్లకి మనసు రాలేదమ్మా" అని దారిన పోయేవాళ్లందరికీ చెప్పేది. బెజవాడ బస్సు దిగినవాళ్లు ఆగి, ఏంటి సంగతని అడిగేవారు. పత్తి బండ్లు తోలుకొచ్చే రైతులు గేటు దగ్గర గుంపుగా నిలబడేవారు. ఆమె అన్నం మానేసింది. ఒకనాడు దిగుడుబావి మెట్లు దిగుతుంటే సామ్రాజ్యమే చూసి వెనక్కి లాక్కొచ్చింది.

మర్నాడు మిల్లు యజమాని ఆదిశేషయ్యగారు తన కారు పంపించారు. బెజవాడలో నరాల డాక్టరు దగ్గర చూపించి, మాత్రలు కొనిపెట్టారు. ఆ మాత్రల ఖరీదు కూలివాళ్లు మోయగలిగింది కాదు. ఆదిశేషయ్యగారిది ధర్మబుద్ధి అని ఊళ్లో చెప్పుకున్నారు. చర్చిలో కూడా చెప్పుకున్నారు.

మందు పనిచేసింది. ఆ మాట అబద్ధం కాదు. జ్ఞానమణికి నిద్ర పట్టింది. నాలిక పిడచగట్టుకుపోతున్నా నాలుగు మెతుకులు నోట్లోకి పోయాయి. బావి గుర్తుకు రావడం మానేసింది. గేటు దగ్గరికి వెళ్లాలనీ అనిపించలేదు. ఫ్యాక్టరీ ఇనస్పెక్టరు విచారణకు వచ్చినప్పుడు ఆమె మొగుడు అంతోనయ్య, యజమాని చెప్పమన్నట్టే, "మావాడిదే పొరపాటండి" అని చెప్పాడు. జ్ఞానమణి పక్కనే పొడి కళ్లతో కూచుంది. కన్నతల్లే కాదనలేదు గదా అనుకుని ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత అంతోనయ్యకు మిల్లులో కాపలా పని, ఆమెకు జిన్ను దగ్గర పని దొరికాయి.

దుఃఖం పోతే పోయింది. కానీ దుఃఖం తన వెంట ఇంకేమేం తీసుకుపోయిందో ఆమెకు మెల్లమెల్లగా తెలిసింది. కూతురు ప్రేమావతి పురిటికి వచ్చి మగపిల్లాణ్ణి కన్నది. "అన్నయ్యే మళ్లీ పుట్టాడమ్మా" అంటూ బిడ్డను తల్లి ఒళ్లో పెట్టింది. అచ్చం బాలశౌరి ముక్కే. జ్ఞానమణి వాడి వంక చూసింది. పత్తి మూట ఎంత బరువుందో చూసినట్టు చూసి, "బాగున్నాడు" అని తిరిగి ఇచ్చేసింది. ప్రేమావతి ఆ మధ్యాహ్నమంతా గోడవైపు తిరిగి పడుకుంది. అత్తగారింటికి తొందరగా వెళ్లిపోయింది.

తర్వాత మందుకు బెజవాడ వెళ్లినప్పుడు ఆమె డాక్టరుతో చెప్పింది.

"అయ్యా, నాకు ఏడుపు రావట్లేదండి."

"మంచిదేగా! దానికేగా మందిచ్చింది."

"నవ్వు కూడా రావట్లేదండి. మనవడు పుట్టినా రాలేదండి."

డాక్టరు తలెత్తి చూశాడు. ఏదో అడగబోయాడు. వెంట వచ్చిన మిల్లు గుమాస్తా అంకారావు కల్పించుకుని, "పనికి చక్కగా వస్తోందండి. ఏ గొడవా లేదు. అదే మందు రాసెయ్యండి, అయ్యగారు చెప్పమన్నారు" అన్నాడు. బయట జనం చాలామంది ఉన్నారు. డాక్టరు అదే రాశాడు.

సామ్రాజ్యాన్ని ఊళ్లో ఆస్పత్రిలో కట్టు కట్టి బెజవాడ పంపించారు. అక్కడ మోచేతి పైదాకా తీసేశారని కబురొచ్చింది. ఇనస్పెక్టరు వస్తున్నాడని ఇంకో కబురు. ఆ సాయంత్రం ఆదిశేషయ్య జ్ఞానమణిని ఆఫీసు గదిలోకి పిలిపించి, ఎప్పుడూ లేనిది, బల్ల మీద కూచోమన్నారు. ఆమె నిలబడే ఉంది.

"చూడు జ్ఞానమణీ, పమిట బొడ్లో దోపుకోమని గుమాస్తా రోజూ చెప్తూనే ఉన్నాడు, సామ్రాజ్యం వినలేదు. అంతే నువ్వు చెప్పాల్సింది. మిగతావాళ్లు ఏడుస్తారు, అరుస్తారు, ఒకటడిగితే ఒకటి చెప్తారు. నువ్వు నిమ్మళంగా చెప్తావు. కొడుకును పోగొట్టుకున్నదానివి, నీ మాట నమ్ముతారు."

ఇంటికి పోయాక అంతోనయ్య బతిమాలాడు.

"చెప్పెయ్యవే. సామ్రాజ్యం చెయ్యి ఎలాగూ తిరిగి రాదు. ఈ వయసులో నాకు పనెవడిస్తాడు? నీ మందెవడిప్పిస్తాడు? నాకు మాత్రం బాధ లేదనుకున్నావా?"

"నీకు బాధన్నా ఉంది" అంది జ్ఞానమణి. "నాకదీ లేదు."

ఇనస్పెక్టరు వచ్చిన పొద్దున మిల్లు పెళ్లివారిల్లులా ఉంది. నేలంతా ఊడ్చారు. బెల్టు చుట్టూ కొత్త ఇనుపవల కంచె వెలిసింది. ఆఫీసు గదిలో ఆదిశేషయ్య, అంకారావు, గుమ్మంలో చేతులు కట్టుకుని అంతోనయ్య. ఈసారి వచ్చిన ఇనస్పెక్టరు కుర్రవాడే, ఉద్యోగానికి కొత్త.

"ఏం జరిగిందమ్మా? నువ్వు చూశావా?"

"చూశానండి. ఆ బెల్టు పమిటను లాగిందండి."

"పమిట వదులుగా వేసుకుందా?"

ఆదిశేషయ్య ఆమె వంక చూశారు. ఆ చూపుకు మిల్లులో మగవాళ్లే తల దించుకుంటారు. జ్ఞానమణి కూడా ఒకప్పుడు దించుకుంది. ఇవాళ కూడా గుండె దడదడలాడుతుందేమో, మాట తడబడుతుందేమో అని చూసింది. లోపల చప్పుడే లేదు. మనవణ్ణి చూసినప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉందో అంతే నిశ్శబ్దం. ఆ మాత్రలు దుఃఖాన్ని ఒక్కదాన్నే ఏరుకుని తీసుకుపోలేదు. భయాన్ని కూడా ఊడ్చుకుపోయాయి. ఆ సంగతి డబ్బు పెట్టి కొన్నాయనకు తెలియదు.

"అందరం ఎలా వేసుకుంటామో అలాగే వేసుకుందండి" అంది. "బెల్టుకి కంచె లేదండి. మా అబ్బాయి పోయిన్నాడూ లేదు, సామ్రాజ్యం పడిన్నాడూ లేదు. ఇప్పుడున్నది నిన్న కట్టారండి."

అంతోనయ్య తలుపు పట్టుకున్నాడు. ఆదిశేషయ్య చిన్నగా నవ్వారు.

"దీనికి మతి స్థిమితం లేదండీ. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఇంతే. బెజవాడలో పిచ్చికి మందు వాడుతోంది. కావాలంటే డాక్టర్ని అడగండి."

"మందు ఎవరిప్పిస్తున్నారు?" అన్నాడు ఇనస్పెక్టరు.

"మేమే. పాపం గదా అని."

జ్ఞానమణి ఆయనవైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. పత్తి ఏ గదిలో పోయమంటారు అని అడిగినట్టే అడిగింది.

"పిచ్చిదాన్నని తెలిసే నన్ను సాక్ష్యానికి పిలిచారా, అయ్యగారూ?"

ఇనస్పెక్టరు రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో ఆమెకు తెలియదు. చదివి వినిపించలేదు. ఆ తర్వాత ఆదిశేషయ్యగారింట్లోనే భోజనం చేసి వెళ్లాడని మాత్రం విన్నది.

సాయంత్రం కాకముందే అంకారావు వచ్చి, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇక గేటు తొక్కొద్దని చెప్పిపోయాడు. అంతోనయ్య ఇంటి ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జ్ఞానమణి అతని పక్కన కూచుని వీపు నిమిరింది. నిమరాలని అనిపించలేదు, నిమరాలని తెలుసు కాబట్టి నిమిరింది. మర్నాడు తొలి బస్సుకు బెజవాడ వెళ్లింది.

పెద్దాసుపత్రిలో సామ్రాజ్యం కింద పరిచిన చాప మీద ఉంది. కట్టు మీద ఈగలు ముసురుతున్నాయి. జ్ఞానమణిని చూడగానే ఉన్న చెయ్యి చాపి గొల్లుమంది.

"వదినా, నా చెయ్యే! ఇంక నేనేం చేసుకు బతకనే! పిల్లలకి ముద్దెలా కలిపి పెట్టనే!"

జ్ఞానమణి ఈగలు తోలుతూ దగ్గరగా కూచుంది. తన దగ్గరున్న మాత్రలు మెల్లగా తగ్గించుకు రావడం ఎలాగో ఇక్కడి డాక్టర్ని అడగాలనుకుంది. ఒక్కసారిగా మానితే ఏమవుతుందో తెలియదు. మానాక బావి మళ్లీ గుర్తొస్తుందేమో కూడా తెలియదు. రానీ. బాలశౌరి కూడా వస్తాడు.

సామ్రాజ్యం ఏడుస్తూ ఏడుస్తూ ఆమె మొహంలోకి చూసింది.

"నీకు కన్నీళ్లు రావేంటే వదినా?"

"రావట్లేదే" అంది జ్ఞానమణి, ఆమె తలను ఒళ్లోకి తీసుకుంటూ. "నువ్వు ఏడువు. ఎవరొచ్చి ఏ మాత్రలిచ్చినా, ఏడుపు పూర్తయ్యేదాకా మింగకు. నేనిక్కడే ఉంటా."