ఆర్గన్ లేని చర్చి

నా గొంతు గురించి నాకు మహా పొగరుండేది. గుంటూరు చర్చిలో ఇరవయ్యేళ్ళు బేస్, అంటే అందరికంటే కింది గొంతు, పాడినవాణ్ణి మరి. వైటూకే పని మీద సిడ్నీ వచ్చాక వెస్ట్‌మీడ్‌లో ఫ్లాటు తీసుకుని, దగ్గర్లోని ఆంగ్లికన్ చర్చి కోయిర్‌లో చేరాను. రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ కూలలేదు, నా ఉద్యోగమే కూలింది. ఇక గొంతొక్కటే మిగిలింది.

అప్పుడు రష్యన్ చర్చి కోయిర్ నడిపే వేరా ఆంటీ, నా గొంతు గురించి ఎవరో చెబితే విని, నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అక్కడ ముప్ఫయ్యేళ్ళు బేస్ పాడిన ఆమె భర్త నెల కిందటే పోయారు. నలభయ్యో రోజున ఆత్మ దేవుడి ముందు నిలబడుతుందని వాళ్ళ నమ్మకం. ఆ రోజు ఆయన కోసం పాడాలి, కింది గొంతు పాడేవాళ్ళు లేరు. పరాయివాడు పాడటానికి వాళ్ళ చర్చి ఫాదర్‌ని ఆమే బతిమాలి ఒప్పించారు.

"జాబ్ వెతకండి అంటే పాటలు వెతుక్కుంటున్నారేంటండీ," అంది మా ఆవిడ. నేను వింటేగా! రష్యన్ ప్రార్థన మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని పది రోజులు బట్టీ కొట్టాను. మా చర్చిలో వాయిద్యం ఉండదు, అందరూ నీ గొంతు మీదే నిలబడతారు, శ్రుతి జారనివ్వకు అని ఆంటీ రోజూ చెప్పేవారు. నాకా పాఠం అని లోపల నవ్వుకున్నాను. ప్రాక్టీసుకి ఆమె పియానో వాయిస్తున్నారన్న సంగతే నాకు తట్టలేదు.

నలభయ్యో రోజున మొదటి పాట బాగానే గడిచింది. చివరిది నిదానమైన పాట. ఒక్కో చరణానికీ నేను శ్రుతి వెంట్రుకవాసి దిగాను. గుంటూరులో హార్మోనియం, ఆంగ్లికన్ చర్చిలో ఆర్గన్, ప్రాక్టీసులో ఆంటీ పియానో, ఎప్పుడూ ఏదో ఒకటి నన్ను ఎత్తి పట్టుకునే ఉంది. ఆ మాట నాకే తెలియదు. పాపం, నన్ను నమ్మి అందరూ నాతోపాటే దిగిపోయారు. నాలుగో చరణానికి ఆ అడుగు స్వరం నాక్కూడా అందలేదు, నోట్లోంచి గాలి వచ్చింది. కోయిర్ ఆగిపోయింది. ఆంటీ ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. మిగతాది ఫాదర్ చదివేశారు.

తర్వాత ఆంటీ నాకు టీ ఇచ్చి థ్యాంక్స్ కూడా చెప్పారు. సిగ్గుతో చచ్చిపోతూ, వచ్చే ఆదివారం మళ్ళీ పాడదాం, ఈసారి జారనివ్వను అన్నాను.

"నలభయ్యో రోజు ఒక్కసారే వస్తుంది, రావ్," అన్నారామె.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బతికిపోయేవాణ్ణి.