ద్వాలి పడ్డ పూచీ

కడిగిన బియ్యం ఎసట్లో పోసి, ద్వాలి మళ్లీ ఉప్పు డబ్బా అందుకుంది.

"ఏసినవే అక్కా ఇందాకనే," అంది తోటి వంటామె జంపక్క, పప్పులో గరిటె తిప్పుతూ. "పిల్లలతోని సముద్రం తాగిపిస్తవా ఏంది."

ద్వాలి చెయ్యి వెనక్కి తీసుకుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండబట్టి పదకొండేళ్లు. పొగకు కళ్లు ఎర్రబారి, వేళ్ల కొసలు కాలి కాలి గట్టిపడిన మనిషి. కూతురు భాను నర్సింగు చదువుకు ఖమ్మం పోయినప్పటి నుంచి ఫోను మోగితే చాలు, ఎత్తేలోపే చెడంతా ఊహించేసుకుంటుంది. ఆ దిగులు తండాలో అందరికీ నవ్వులాట. ఇవాళ్టిది అట్లాంటి దిగులు కాదు.

పొద్దున పక్కింట్లో కేక వినబడింది. ఒక్కటే. తర్వాత ఏదో కూలబడ్డ చప్పుడు. ఎదురింట్లో టీవీ సౌండు పెరిగింది. కాసేపటికి ఆ ఇంటి జైరాం తలుపుకు బయట తాళం వేసి, మిర్చి లోడుతో ఖమ్మం వెళ్లిపోయాడు. అతని భార్య పుష్ప చెప్పులు మాత్రం గడప బయటే ఉన్నాయి. నల్లా దగ్గరికి బిందెలతో వెళ్లినవాళ్లంతా ఆ చెప్పుల పక్కనుంచే నడిచారు. ద్వాలి కూడా నడిచింది.

"పుష్ప చెప్పులు చూసినవా?"

"చూసిన." జంపక్క గరిటె ఆగలేదు. "ఆలుమొగల లొల్లి. మనకేందే."

మనకేంది అనుకోవడానికి ద్వాలికి వీల్లేదు. మూడు నెలల కింద దెబ్బలు ఓర్వలేక పుష్ప తల్లిగారింటికి పోతే, పంచాయితీ పెట్టి "పిల్లకు పూచీ ఎవరు?" అని అడిగాడు తండా పెద్ద లాల్‌సింగ్. మగవాళ్లు నేలచూపులు చూశారు. రేపు తన భానుకైనా ఎవరో ఒకరు నిలబడాలి కదా అనుకుని, "నేనున్న" అంది ద్వాలి. చెయ్యి పట్టుకుని పుష్పను మళ్లీ ఆ గడప లోపలికి తెచ్చింది తనే.

ఎసరు పొంగింది. ద్వాలి మంట తగ్గించి, పచ్చడి నూరే బండ చేతిలోకి తీసుకుంది.

"అన్నం చూడు," అని బయటికి నడిచింది.

జైరాం ఇంటి ముందు ఆమెను చూసి, అరుగు మీద కూర్చున్న లాల్‌సింగ్ లేచాడు.

"ఏందది ద్వాలీ? పరాయోళ్ల తాళం ఇరగ్గొడితే కేసయితది."

"కానియ్. పూచీ వడ్డది నేను గద నాయక్. పూచీ అంటే పిల్లను తెచ్చి అప్పజెప్పుడేనా?"

ద్వాలి బండ ఎత్తి తాళం మీద కొట్టింది. మొదటి దెబ్బకే బండ జారి ఆమె వేలు చితికింది. వెనక ఎవరో పరుగున వచ్చారు. జంపక్క. చేతిలో పప్పు గరిటె అలాగే ఉంది.

"పొయ్యి కాడ హేమలత టీచర్ ఉంది," అని రొప్పుతూ, తాళాన్ని గట్టిగా పట్టుకుంది. "ఇగ కొట్టు."

ఎదురింట్లో టీవీ ఆగింది.

తాళం ఊడింది. లోపల గోడవార పుష్ప కూర్చుని ఉంది. పెదవి చీలింది, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఊపిరి ఉంది. ద్వాలి ముందు చూసింది అదే.

"యాడీ," అంది పుష్ప, కన్నతల్లిని పిలిచినట్టు. "నీకు ఇనపళ్లేదనుకున్న."

అబద్ధం నాలుక కొస దాకా వచ్చింది.

"ఇనపడ్డది బిడ్డా," అంది ద్వాలి. "పొద్దుగాలనే ఇనపడ్డది."

జంపక్క ఆడవాళ్ల సాయానికి పెట్టిన 181 నంబరుకు ఫోన్ చేస్తే, కొత్తగూడెం సఖి కేంద్రానికి తీసుకురమ్మన్నారు. రోడ్డు మీద సీతయ్య టీ కొట్టు ముందు ముగ్గురూ బస్సు కోసం నిలబడ్డారు. సీతయ్య అడక్కుండానే పుష్ప చేతికి టీ గ్లాసు ఇచ్చాడు. వచ్చే ప్రతి బండి చప్పుడుకూ ద్వాలి పుష్పకు అడ్డంగా జరిగింది. జైరాం తిరిగొచ్చేదీ ఇదే రోడ్డు.

బస్సే ముందు వచ్చింది. జంపక్క పుష్పను ఎక్కించి, తానూ ఎక్కింది.

"నువ్ రావా యాడీ?"

"వాడొస్తే జవాబు చెప్పేటోళ్లు ఉండాలె గద. నువ్ పో."

పుష్ప వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు కొత్తగూడెం వైపు మలుపు తిరిగింది.

"జైరాం ఇంట్ల లొల్లి నా కొట్టు కాడికి గూడ ఇనపడుతది," అన్నాడు సీతయ్య మెల్లగా.

"పోలీసోళ్లు అడిగితే గదే చెప్పు."

సీతయ్య పుష్ప వదిలి వెళ్లిన గ్లాసు తీయడానికి చెయ్యి చాపి, ఆగిపోయాడు. బల్ల మీద టీ నిండుగా, మీగడ కట్టి ఉంది. గ్లాసు అంచున, పెదవి ఆనిన చోట, సన్నటి ఎరుపు ఇంకా తడిగానే ఉంది.