దుప్పటి కప్పిన కాటా

మా పిండిమర ఆగిపోయి పద్దెనిమిది రోజులైంది. గోధుమల ఓడ రేవులోనే ఉందట. ఎప్పుడు ఫోన్ చేసినా దళారి "రేపు" అంటాడు.

తమ్ముడు మోంజికి అంత ఓపిక లేదు. "శుక్రవారం దాకా చూస్తానక్కా. అప్పటికీ తిరక్కపోతే రాళ్లు పీకించి కాఫీ కొట్టు పెట్టేస్తా" అన్నాడు. నాన్న తన చేత్తో గంట్లు కొట్టిన రాళ్లవి. వాటి చప్పుడు వినకపోతే నాకు ముద్ద దిగదు.

గోధుమల కోసం ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాను. అక్కడే తప్పు చేశాను. "మీ ఇంట్లో ఎన్నున్నాయి?" అని అడిగేశాను. మా కొండల్లో ఏడాది గింజలు ఎన్నున్నాయో ఆడది కట్టుకున్న మొగుడికి కూడా చెప్పదు. దిష్టి భయం. మరకు తెస్తే నలుగురిలో తూచాలి కదా, అందుకని తలుపులేసుకుని తిరగలిలో విసురుకుంటారు. మర దగ్గర కొనేది ఓడ గోధుమల పిండే.

"గింజ లేదమ్మా దావియా" అంది రెబహ్ పిన్ని, గోధుమల జాడీకి ఆనుకుని కూర్చునే. మోంజి పెళ్లాం జినెత్ అయితే, "మా ఇంట్లో ఎలుకలు కూడా వలసపోయాయి వదినా!" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. గురువారం పొద్దున్నే కాటా మీద నా పెళ్లినాటి దుప్పటి కప్పేశాను. మరకు అడ్డంగా తెర కట్టి, బజార్లోకి వెళ్లి అరిచాను.

"తూకం లేదు! చూసేవాళ్లు లేరు! మీరే పోసుకోండి, మీరే ఎత్తుకోండి. కూలి ఒక్క గిన్నె పిండి. నేను గోడవైపు తిరిగి కూర్చుంటా!"

"తల తిప్పితేనో?" అంది రెబహ్ పిన్ని.

"మెడ విరిచెయ్ పిన్నీ!"

మధ్యాహ్నానికి ఆవిడే వచ్చింది, శాలువా కింద ఏదో దాచుకుని. రాళ్లు తిరిగాయి. గోడవైపు కూర్చుని నవ్వుతూనే ఏడ్చేశాను.

శుక్రవారం పొద్దుటికి వరస బజారు మలుపు దాటింది. ఒకావిడ పిల్లాడి తోపుడుబండిలో మూట పెట్టి పైన బొంత కప్పింది. ఊరి రొట్టెలకు సరిపడా కూలి పిండి పోగైంది.

అప్పుడు దిగాడు మోంజి, గునపాలతో, ఇద్దరు కూలీలతో. లోపలికి దారి లేదు. గొడవ విని నేను బయటికొచ్చాను. వరస మధ్యలో జినెత్ ఇంత లావు బస్తా మీద కూర్చుని ఉంది.

"నువ్వా! ఇంట్లో గింజ లేదన్నావుగా?" అని అరిచాడు మోంజి.

"అరుపులు తర్వాత. ముందు ఇది ఎత్తు."

వాడొక్కడి వల్ల కాలేదు. కూలీలిద్దరూ చెయ్యేశారు. "ఎన్ని కిలోలే ఇది?" అని రొప్పుతూ అడిగాడు.

మరుక్షణం దిష్టి తిప్పికొట్టడానికి ఆడవాళ్లందరి చేతులూ ఐదేసి వేళ్లు చాచి వాడి మొహం మీదికి లేచాయి.

"ఐదు వేళ్లు నీ కంట్లో!"

మోంజి చెవులు ఎర్రబడ్డాయి. కూలీలతో కలిసి బస్తా లోపలికి మోశాడు, వెనకే నేనూ వెళ్లాను. బస్తా తగిలి కాటా మీది దుప్పటి జారింది. వాడు బరువు దించి, దుప్పటి మళ్లీ కప్పి, అంచులు నాలుగూ జాగ్రత్తగా దోపాడు.

"ఏంటక్కా అలా చూస్తావ్?" అన్నాడు నా వైపు తిరిగి. "గోడవైపు తిరుగు. మా గోధుమలు పోసుకోవాలి."