సీటు సందులో చెయ్యి

ఫింటన్ మొలోయ్ కుడిచేతికి పసుపుపచ్చ రబ్బరు తొడుగేసుకుని, దాన్ని నీళ్లలో ముంచి, ఓ బుల్లికారు వెనకసీటుని ఒకే వైపుకి నిమురుతున్నాడు. నిమిరినకొద్దీ కుక్కవెంట్రుకలు ఉండలు చుట్టుకుని ముందుకి దొర్లుతున్నాయి. వాక్యూమ్ మిషను ఎంత మొత్తుకున్నా రాని వెంట్రుకలవి.

మనిషి పొట్టి. ముక్కు చివర ఎప్పుడూ ఓ నీటిబొట్టు. ఏళ్లతరబడి జనం కార్లలోకి వంగీ వంగీ, ఊరికే నిలబడ్డా సగం కార్లోకి దూరుతున్నట్టే ఉంటాడు.

ఊరి చివర ఒకప్పటి పాలకేంద్రం, ఆ షెడ్డే అతని కొట్టు. ఓ మూల, ఎప్పుడో తుక్కుకి పోయిన కారులోంచి పీకిన వెనకసీటు వేసుంది. టీ తాగేది దానిమీదే.

"పెద్దాయనా, ధరలు చెప్పవయ్యా. రంగు ఎండిపోతోంది," అంది బ్రీడా. ఒక చేతిలో కుంచె, ముందర తెల్లగా ఖాళీ బోర్డు.

బ్రీడా అతని దగ్గరే పని నేర్చుకుంది. సోమవారం నుంచి షెడ్డు ఆమెది. ఫింటన్ ఇవాళ సాయంత్రం పడవెక్కి క్లేర్ దీవికి పోతున్నాడు. అరవయ్యెనిమిదేళ్ల బ్రహ్మచారి, అక్కడ డింఫ్నా అనే ఆవిడని పెళ్లాడబోతున్నాడు. నెల్లాళ్లుగా ఊరంతా ఇదే మాట, ఇదే నవ్వు.

బ్రీడాకీ నవ్వొస్తోంది, కానీ ధరల సంగతే తేలట్లేదు. ఫింటన్ ఏనాడూ ధర రాసిపెట్టలేదు. నోటికొచ్చింది చెప్పేవాడు, జనం ఇచ్చేవాళ్లు. అది అతనికి చెల్లింది. తనకి చెల్లుతుందా? తక్కువ చెబితే ఇద్దరు పిల్లలతో ఇల్లు గడవదు. ఎక్కువ చెబితే వచ్చినవాడు మళ్లీ రాడు.

"చిన్నకారు ముప్పై యూరోలు, పెద్దది నలభై, జీపు యాభై. రాసేయనా?"

"రాయి. వారం తిరక్కుండా మునుగుతావు," అన్నాడు ఫింటన్, తల కార్లోంచి తియ్యకుండానే.

అప్పుడే ఆ బుల్లికారు మనిషి కాన్సెప్టా వచ్చింది. పోస్టాఫీసులో కూచునే ఆవిడ. నోరు పెద్దది, మనసు మంచిది. వెనకాలే గొర్రెల మలకీ, మోకాలెత్తు బురద కొట్టుకున్న జీపుతో.

"ఎంతవుతుంది ఫింటన్?"

"నీది నలభై ఐదు. మలకీ, నీది ముప్పై."

కాన్సెప్టా నడుం మీద చెయ్యేసుకుంది. "ఏం న్యాయం ఇది? ఆ బురదగుట్టకి ముప్పయ్యా, నా అగ్గిపెట్టెకి నలభై ఐదా? పెళ్లిఖర్చులన్నీ నా నెత్తినేనా?"

"నన్ను చూసి మోజుపడ్డాడమ్మా, అందుకే నాకు తక్కువ," అన్నాడు మలకీ.

"నిన్ను నీ గొర్రెలే చూడవు, పోరా!"

బ్రీడా ఖాళీ బోర్డు కేసి చూసింది. సోమవారం తను పడబోయే గొడవ ఇదే.

ఫింటన్ నెమ్మదిగా తొడుగు తీశాడు. జీపు వెనకతలుపు తెరిచి, సీటుకీ వీపుకీ మధ్య సందులోకి మణికట్టుదాకా చెయ్యి దూర్చి, పైకి తీశాడు. చెయ్యి శుభ్రం. మలకీ దాణాబస్తాలు పరిచి మరీ కూచునే రకం. పైన బురదంటావా, నీళ్లపైపు పట్టుకుంటే పోతుంది.

తర్వాత బుల్లికారు. ఇంకా ముట్టుకోని రెండోవైపు సందులోకి పోయింది చెయ్యి. పిడికెడు వెంట్రుకలు, కరిగి అంటుకున్న టాఫీ, ఆఖరికి ఓ జపమాల.

"అయ్యో, అది మా అత్తగారిది!" అంది కాన్సెప్టా. "పనిమనిషే కొట్టేసిందని పోయిన ఏడు ఆమెతో మాటలు మానేసింది ముసల్ది!"

నవ్వాపుకోలేక ఆమెకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నలభై ఐదూ తీసిచ్చింది. ఫింటన్ అందులోంచి రెండు యూరోల నాణెం తీసి, ఉమ్మినట్టు 'తూ' అని, ఆమె అరచేతిలో పెట్టాడు. పూర్వం పశువుల సంతలో అమ్మినవాడు 'అదృష్టానికి' అంటూ, ఇలాగే నాణెం మీద 'తూ' అని, కొన్నవాడికి కొంత వెనక్కిచ్చేవాడు. సంతలు పోయినా ఫింటన్ ఆ అలవాటు మాన్లేదు.

రెండు బళ్లూ కడిగి పంపించాక బ్రీడా అడిగింది. "ఆ రెండూ ముందే తగ్గించి చెప్పొచ్చుగా?"

"తగ్గిస్తే వంతెన దాటేలోపు మర్చిపోతారు, అమ్మాయ్. చేతిలో పెడితే మర్చిపోరు."

"మరి పసిపిల్ల వాంతి చేసుకుంటే? గంటసేపు పని కదా."

"దానికి డబ్బులడక్కు. ఆ తల్లి అప్పటికే సిగ్గుతో చచ్చుంటుంది."

బ్రీడా కుంచె మళ్లీ రంగులో ముంచి రాసింది: ఏ కారైనా ముప్పై. కుక్క ఉంటే పదిహేను పైన. పిల్లల వాంతికి ఏమీ లేదు. సందు మీ ఎదురుగానే చూస్తాం. అదృష్టానికి రెండు వెనక్కి.

ఫింటన్ చదివి, ముక్కు తుడుచుకుని, "ఊఁ," అన్నాడు. అతని దగ్గర అది పెద్ద మెప్పు.

మధ్యాహ్నం అతని వ్యాను బ్రీడాయే కడిగింది. కడిగి, అతన్ని ఎదురుగా నించోబెట్టి, సందులో చెయ్యి పెట్టింది. ముత్యం పొదిగిన చెవిపోగు ఒకటి వచ్చింది.

"ఇది నీదేనా పెద్దాయనా? రెండోది ఏ చెవికి?"

అతను మెడదాకా ఎర్రబడ్డాడు. "గాలీవానా వచ్చిందప్పుడు. డింఫ్నా, నేనూ వ్యాన్లో కూచున్నాం అంతే."

"గాలి బాగానే వీచినట్టుంది. ముప్పై తియ్యి."

"ముప్పయ్యా! దోపిడీ! ఇరవై ఇస్తా."

"బోర్డు చూడు."

"బోర్డు రాసిందెవరు?"

"నేను. కొట్టు నాది," అంది బ్రీడా. ఆ మాట తన నోట్లోంచి రావడం తనకే కొత్తగా వినిపించింది.

ఫింటన్ గొణుక్కుంటూ ముప్పయ్యీ లెక్కపెట్టాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆమె 'తూ' అని రెండు యూరోల నాణెం అతని చేతిలో పెట్టింది. మూలనున్న పాత సీటు మీద కూచుని ఆఖరి టీ నిదానంగా తాగాడు.

"దీవిలో కార్లు కడుగుతావా?" అంది బ్రీడా.

"అక్కడి కార్లు కడిగితే తుప్పంతా పోయి స్టీరింగే మిగులుతుంది," అని లేచాడు. చెవిపోగు చొక్కాజేబులో పెట్టుకుని పైన తట్టుకున్నాడు. రేవు వైపు మలుపులో హారను ఒక్కసారి మోగింది, అంతే.

బ్రీడా బోర్డు తగిలించొచ్చి పాత సీటు మీద కూలబడింది. అలవాటుగా చెయ్యి సందులోకి దానంతటదే పోయింది. వేళ్లకి తగిలింది. పైకి తీసి చూసి, పకపకా నవ్వి, మళ్లీ అక్కడే లోపలికి తోసింది.

రెండు యూరోల నాణెం. ఇంకా వెచ్చగానే ఉంది.