పది శాతం దగ్గర

"ఆ డబ్బా నత్తలా పాకుతోంది. నేను లేచేసరికి బాగుచేసి పెట్టు," అని తెరెరే, అదే చల్లటి ఆకు పానీయం, తాగేసిన కొమ్ము గ్లాసు నా చేతిలో పెట్టి మా ఆయన ఎలాడియో పడకగదిలోకి వెళ్ళాడు.

పన్నెండు నుంచి మూడు దాకా మా విల్యారికా ఊరంతా నిద్రపోతుంది. మగవాళ్ళంతా నిద్రపోతారు అనాలి. ఆ మూడు గంటలూ నేను వంటపాత్రలు చప్పుడు కాకుండా తోముకుంటూ, చెప్పుల్లేకుండా తిరుగుతాను. పెళ్ళయిన వారానికే అత్తగారు దోన్యా ఫిదేలా చెప్పింది: "గచ్చు మీద మడమలు టకటకలాడించకమ్మాయ్, నా కొడుక్కి తలనొప్పి వస్తుంది." ఆవిడ పోయి రెండేళ్ళయింది. పదకొండేళ్ళ అలవాటు మాత్రం నా కాళ్ళను వదల్లేదు.

ముందుగదిలోని ఆ కంప్యూటర్ మీద కాలేజీ పిల్లల థీసిస్‌లు, వీధివాళ్ళ అర్జీలు టైపు చేస్తాను. ఆయన లెక్కలో అది పని కాదు. "కూర్చుని వేళ్ళాడించడమేగా నెలీదా, ఎండలో నిలబడ్డావా ఏంటి?" అంటాడు. అది మొరాయిస్తే తిట్లు మాత్రం నాకే.

రిపేర్లు చేసే దోన్ రుఫీనో డీఫ్రాగ్ చేసే పద్ధతి కాగితం మీద రాసిచ్చాడు. డిస్కులో ముక్కలై చెదిరిన ఫైళ్ళని ఒకచోటికి చేర్చే పని అది. "అన్నీ మూసేసి మొదలుపెట్టమ్మా. మధ్యలో డిస్కు మీద ఎవరేం రాసినా అది మళ్ళీ మొదటికొస్తుంది," అన్నాడు.

మొదలుపెట్టాను. రంగురంగుల గడులు ఒక్కొక్కటే కదిలాయి. పది శాతం దగ్గర ఆగింది. డ్రైవ్‌లో మార్పు జరిగింది, మళ్ళీ మొదలవుతోంది అని చూపించింది. నెట్ వచ్చే ఫోను తీగ పీకాను. పది శాతం, మళ్ళీ మొదటికి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కీబోర్డు ముట్టుకోకుండా కూర్చున్నాను. డిస్కు కిర్రుమంది. మళ్ళీ మొదటికి. గదిలో ఉన్నది నేనొక్కదాన్నే, నేనేమీ రాయడం లేదు. ఎవరో రాస్తున్నారు.

నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచాను. ఒక పేరు ఎన్నడూ చూడనిది. దాన్ని ఆపాను. గడులు పది దాటాయి, ఇరవై దాటాయి. సంతోషించాల్సింది పోయి నాకు భయం పెరిగింది. డీఫ్రాగ్ ఆపేసి, ఈరోజు మారిన ఫైళ్ళేవో వెతికాను. ఎక్కడో లోపల ఒక ఫోల్డర్, దాన్నిండా వేల బొమ్మలు, నిమిషానికొకటి. ఒకటి తెరిచాను. అది నా తెరకు తీసిన ఫోటో. చెల్లెలికి రాసిన ఉత్తరాలు, రాసి చెరిపేసినవి కూడా, ఫిబ్రవరి నుంచీ అన్నీ ఉన్నాయి. ఎన్‌కర్నసియోన్‌లోని బడి ఆఫీసు ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు. సోమవారం వచ్చి చేరమని, గుర్తింపు కార్డు తెచ్చుకోమని వాళ్ళిచ్చిన జవాబు.

ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మంగళవారం రాత్రి సూపు తాగుతూ ఎలాడియో ఉన్నట్టుండి, "ఎన్‌కర్నసియోన్‌లో మహా ఉక్కపోతట, నీలాంటిదానికి పడదులే," అన్నాడు. బుధవారం నా గుర్తింపు కార్డు సొరుగులో లేదు. "నీ తలకాయైనా పారేసుకోగలవు నువ్వు. ఇంట్లో ఉండేదానికి కార్డెందుకు?" అని నవ్వాడు. మూడు రోజులు ఇల్లంతా గాలించాను. పరుపు కింద వెతుకుతుంటే తనే పరుపెత్తి పట్టుకున్నాడు. నేను థ్యాంక్స్ కూడా చెప్పాను. కార్డు దాచినవాడూ తనే.

పడకగదిలో గురక వినిపిస్తోంది. రెండున్నరకి ఎన్‌కర్నసియోన్ బస్సు. గోడ గడియారంలో రెండవుతోంది.

సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాను. తిరిగొచ్చి, ఆపిన ప్రోగ్రాము నేనే మళ్ళీ నడిపించాను. కంప్యూటర్ మళ్ళీ నత్త అయింది. ఖాళీ పేజీ తెరిచి పెద్దక్షరాలతో టైపు చేశాను:

"ఎలాడియో, కార్డు నీ దగ్గరే ఉంచుకో. నేను కొత్తది తీసుకుంటాను. సోమవారం ఉద్యోగంలో చేరుతున్నాను."

గడియారం చూస్తూ నిమిషం ఆగాను. డిస్కు కిర్రుమంది. బొమ్మ పడింది. ఇన్నాళ్ళూ నా రాతలు దొంగచాటుగా చదివాడు, ఈ ఒక్కటీ నేనే చదివిస్తున్నాను.

అటక మీంచి ఎత్తు మడమల బూట్లు దించి తొడుక్కున్నాను. గచ్చు మీద టక్, టక్. వీధి తలుపు దాకా పదిహేను అడుగులు. ఏడో అడుగు దగ్గర లోపల గురక ఆగింది.

నేను ఆగలేదు.