మూడో నంబరు సెట్టరు

కరెంటు పోయి జనరేటరు అందుకున్న ప్రతిసారీ మూడో నంబరు సెట్టరు నన్ను పిలిచేది. మిగతా రెండు మెషీన్లూ బుద్ధిగా లేచి, తొంభై తొమ్మిదిన్నర డిగ్రీలని అంకె చూపించి, ఫ్యాన్లు తిప్పుకునేవి. మూడోదాని కంట్రోలు పెట్టె మాత్రం అంకె ఉండాల్సిన చోట అడ్డగీతలు వేసి, బజరు మోగిస్తూ కూర్చునేది. నేను పరుగెత్తుకెళ్ళి స్విచ్ ఆపి, వేసి, మళ్ళీ ఆపి, మళ్ళీ వేస్తే ఎప్పటికో లేచేది. అప్పటికీ లేవకపోతే మీటలు నొక్కి వేడి ఎంతో నేనే చెప్పాలి. అంతసేపూ లోపల వేల గుడ్లు గాలి లేకుండా ఉండేవి.

మా హేచరీ గన్నవరం దాటాక, హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డుకి లోపలగా ఉంటుంది. గుడ్లను సెట్టర్లనే మెషీన్లలో పొదిగించి, పిల్లల్ని కోళ్ళఫారాలకు అమ్ముతారు. మా ఆయన బాబ్జాన్ ఆ పిల్లల్ని మోసే వ్యాను డ్రైవరు. తెల్లవారుతూనే లోడెక్కించుకుని పోతే, ఫారాల గేట్ల బయటే దించేసి ఏ మర్నాడో వస్తాడు. బజరు మోగితే చూడటానికి మనిషి ఉండాలని మేనేజరు వెంకటసుబ్బారావు గారు సెట్టర్ల పక్కనే మాకో గది ఇచ్చారు. అందులో నేనూ, ఇంకా కూర్చోవడం కూడా రాని మా పాప అఫ్సా.

బయటివాళ్ళను గేటు దాటనివ్వరు. ఎవరు ఏ తెగులు మోసుకొస్తారోనని భయం. మేము కూడా లోపలికి వెళ్ళాలంటే మందునీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచాల్సిందే. అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది. కోళ్ళున్న ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళు మూడు రోజులదాకా హేచరీలోకి రాకూడదు. ఉయ్యూరులో మా అమ్మ పెరటినిండా కోళ్ళే. అందుకని నేను అమ్మ దగ్గరికి వెళ్ళడం మానేశాను. అమ్మే ఒకసారి బస్సెక్కి వచ్చింది. గేటుకి అవతల నిలబడి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "ఎత్తుకోనులేవే, చూస్తాను, అంతే" అంది. నేను పాపను ఇవతల నుంచే చూపించాను.

ఆ వేసవిలో ఒకనాడు మేనేజరు గారు గది ముందు ఆగారు.

"ఏమ్మాయ్, నీకిక ఈ పరుగుల బాధ తప్పింది. విజయవాడ నుంచి కంపెనీ ఇంజనీరొస్తున్నాడు. కొత్త ప్రోగ్రామెక్కిస్తే మూడోది నోరెత్తదట."

"మరి నేనండీ?"

"హాయిగా మీ అమ్మ దగ్గరికి పో. ఈ గదిలో అట్టపెట్టెలు పెట్టుకుంటాం. అవతల షెడ్డులో ఎలకలు కొరికి పారేస్తున్నాయి."

ఆయన మంచి మాట చెప్పాననే అనుకున్నారు. మధ్యాహ్నం బాబ్జాన్ రాగానే అన్నం పెడుతూ ఈ సంగతి చెప్పాను.

"నేను ఉయ్యూరెళ్తే మీరెలా వస్తారు?"

"వస్తే మూడ్రోజులు వ్యాను ముట్టుకోనివ్వరు. అలా రెండుసార్లయితే నా సీట్లో ఇంకోడుంటాడు."

"అమ్మని కోళ్ళు అమ్మేయమంటే?"

"మీ అమ్మ నన్నయినా అమ్ముతుందిగానీ కోళ్ళనమ్మదు" అని నవ్వాడు. నవ్వి, కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాడు. ఇంకోచోట అద్దెకు ఉండగలిగే వాళ్ళం కాదు. ఆ గది పోతే ఆయనొక చోట, నేనొక చోట. ఇప్పటికే పాప ఆయన్ని చూస్తే కొత్తవాణ్ణి చూసినట్టు ఏడుస్తోంది.

ఇంజనీరు పేరు జాన్‌బాబు. లాప్‌టాపూ, ఒక వైరూ తెచ్చుకున్నాడు. మందునీళ్ళలో కాళ్ళు ముంచి, మూడో పెట్టె మూత విప్పి, "ఎప్పుడు మొరాయిస్తుందమ్మా, చెప్పు" అన్నాడు. కరెంటు పోయినప్పుడల్లా కాదుగానీ ఎక్కువసార్లేనని చెప్పాను. బజరు మోగేటప్పటికి పాప కూడా లేచి ఏడుస్తుందని, ముందు ఎవరి దగ్గరికి పోవాలో తెలియదని కూడా చెప్పబోయి, ఆయనకెందుకులే అని ఊరుకున్నాను.

"లోపల ఫ్లాష్ మెమరీ అని చిన్న చిప్పు ఉంటుంది. పెట్టాల్సిన వేడి అంకె అందులో రాసి ఉంటుంది. వేడి ఎలా ఉందో కూడా ఇది మాటిమాటికీ అక్కడే రాసుకుంటుంది. రాస్తుండగా కరెంటు పోయిందనుకో, సగమే పడుతుంది. రాసి రాసి కొన్ని గడులు అరిగిపోతాయి కూడా. పెట్టె లేవగానే ముందు బూట్‌లోడరని ఒక చిన్న ప్రోగ్రాం లేచి, అన్నీ సరిగా ఉన్నాయా అని చూస్తుంది. లెక్క కుదరకపోతే ఏం చెయ్యాలో పాతదానికి మేం నేర్పలేదు. అందుకని అరుస్తుంది."

"ఇప్పుడు నేర్పారా అండీ?"

"రెండు చోట్ల రాయమన్నాం. ఒకటి చెడితే రెండోది చూసుకుంటుంది. అరిగిన గడికి గుర్తు పెట్టుకుని, మళ్ళీ అందులో రాయదు."

ప్రోగ్రాం ఎక్కాక దాన్ని పరీక్షించాలన్నాడు. అప్పటికి ఆ మెషీన్లో గుడ్లు లేవు. నన్ను మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టి, అది రాసుకుంటున్నప్పుడల్లా "ఆపు" అనేవాడు. నేను ఆపేదాన్ని. "వెయ్యి" అనగానే వేసేదాన్ని. ప్రతిసారీ అది లేచి తొంభై తొమ్మిదిన్నర చూపించింది. తలుపు దగ్గర మేనేజరు గారు చేతులు కట్టుకుని నవ్వుతున్నారు.

అరవవే, ఒక్కసారి అరవవే అని లోలోపల బతిమాలుకున్నాను. జాన్‌బాబు చెప్పకముందే స్విచ్ లాగాను. వేసీ వెయ్యగానే మళ్ళీ లాగాను. ఆయన కోప్పడలేదు సరికదా, "అదీ! అలాగే అడ్డదిడ్డంగా లాగు. నిజం కరెంటు కూడా చెప్పి పోదుగా" అన్నాడు. లాగాను. అది మళ్ళీ లేచింది.

"భేష్" అన్నారు మేనేజరు గారు. "అయితే ఆ బజరు వైరు కూడా పీకెయ్ బాబూ. చెవులు చిల్లులు పడిపోయాయి."

"అది తియ్యకూడదండి."

"ఇంకెందుకూ?"

"రెండు చోట్లా చెడిపోతే ఏం చెయ్యమంటారు? వేడెంతో దానికి తెలియదు. ఏదో ఒక అంకె తనే వేసుకుని నడవమనాలా, ఆగి అరవమనాలా?"

"తొంభై తొమ్మిదిన్నర వేసుకుని నడవమను."

"ఈ ఒక్క మోడల్ పెట్టెనే మీరు హేచర్‌కి కూడా బిగిస్తారు. చివరి మూడు రోజులూ గుడ్లుండే ఆ మెషీన్లో, పిల్లలు బయటికొచ్చే ముందు వేడి తగ్గించాలి కదండీ? తానెక్కడుందో పెట్టెకి తెలియదు. తెలియకుండా నడిచిందంటే తెల్లారేసరికి పిల్లలన్నీ ఉడికిపోయి ఉంటాయి, పైగా చప్పుడు కూడా చెయ్యదు."

మేనేజరు గారు మీసం దువ్వుకున్నారు. "రెండూ ఎప్పుడు చెడతాయేం?"

"ఏడాదికోసారి కావచ్చు. అసలు ఎప్పుడూ చెడకపోవచ్చు."

"ఎప్పుడో వచ్చే ఆ ఒక్కసారికి మనిషిని పెట్టుకోమంటావా?"

"ఆ ఒక్కసారికే కావాలండి. అది అరిచి, వినేవాళ్ళు లేకపోతే అరవనట్టే."

నేను స్విచ్ పట్టుకునే ఉన్నాను. గదిలో పాప లేచి ఏడుపందుకుంది. మేనేజరు గారు అటు చూసి, మెషీన్ చూసి, "అట్టపెట్టెలకి వేరే ఏదైనా చూద్దాంలే" అంటూ వెళ్ళిపోయారు. నేను స్విచ్ వదిలి పాపను ఎత్తుకొచ్చాను.

జాన్‌బాబు మూత బిగిస్తూ ఒక ఎర్ర మీట చూపించాడు. "వారానికోసారి నొక్కు. బజరు బతికుందో లేదో తెలుస్తుంది."

వానాకాలం వచ్చింది. కరెంటు రోజూ పోతోంది, జనరేటరు అందుకుంటోంది, మూడో సెట్టరు చప్పుడు చెయ్యకుండా లేస్తోంది. బాబ్జాన్ ఇదివరకులాగే వస్తున్నాడు, అన్నం తిని పడుకుంటున్నాడు, వెళ్తున్నాడు. గది నిలిచింది. కానీ అరిచే రోజుల్లో ఒక్క పరుగుతో పోయేది. ఇప్పుడు అరవకపోతే, బాగుండి అరవడం లేదో, గొంతే పోయిందో తెలియక, పాపను చంకనేసుకుని కరెంటు పోయినప్పుడల్లా వెళ్ళి అంకె చూసుకుంటున్నాను. తొంభై తొమ్మిదిన్నరే ఉంటుంది. దానికి నాతో పనేమీ ఉండదు. తిరిగొచ్చి గుమ్మంలో కూర్చుంటే, గేటు అవతల బస్సులు పోతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

బాబ్జాన్ శ్రీకాకుళం లోడు మీద వెళ్ళి నాలుగో రోజుకీ రాలేదు. ఏరు పొంగి రోడ్డు మునిగిందట, బాగానే ఉన్నాడని ఆఫీసుకి ఫోనొచ్చిందట. ఆ మాట మేనేజరు గారు గుమ్మంలోనే నిలబడి చెప్పేసి వెళ్ళిపోయారు. నేను సెట్టరు గదిలోకి వెళ్ళి ఎర్ర మీట నొక్కాను. వారం కాలేదు, ముందురోజే నొక్కాను కూడా.

బజరు ఒక్కసారి అరిచి ఊరుకుంది. చంకలో పాప ఉలిక్కిపడలేదు. ఆ చప్పుడు వచ్చిన వైపు మెడ తిప్పి, కాళ్ళు ఆడిస్తూ, మళ్ళీ వస్తుందేమోనని నోరు తెరుచుకుని చూస్తోంది.

మళ్ళీ నొక్కాను.