ఎంకయ్య భార్య హాజరు

“రెండు నిమిషాల పని. జర చూసి చెప్పు” అన్నాడు మనీష్, టిఫిన్ పళ్లెం అక్కడే వదిలేసి. అతని రెండు నిమిషాలు మొదలై ఆరేళ్లయింది. తాండూరులో వాళ్ల నాపరాళ్ల పాలిష్ యూనిట్ హాజరు పట్టీలు, ఇరవై ఏళ్లవి, కంప్యూటర్‌లోకి ఎక్కించింది అతని భార్య నీలిమే. జీతం మాటెత్తితే అత్త సావిత్రమ్మ నవ్వింది: “ఇంటి పనికి జీతమేంది బిడ్డా?”

ఇప్పుడు ఆ పట్టీల్లో వెతకడానికి బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాం చాలా, సర్వర్ పెట్టాలా అన్నది తేల్చాలి. బ్రౌజర్‌లోదైతే ఆమె ల్యాప్‌టాప్ దాటదు. ఏం అడిగినా, ఏం దిద్దినా ఆమెకే తెలుసు. సర్వర్‌లో అందరికీ ఒకటే పట్టీ. ఎవరు దిద్దారో పేరుతో సహా నిలిచిపోతుంది.

“బ్రౌజరే మంచిది. ఇంట్ల కూసోని చేస్కుంటవ్, ఎవలకు తెల్వదు” అన్నాడు మనీష్.

పరీక్షకని బ్రౌజర్‌లో ఒక ప్రశ్న వేసింది: అందరికంటే ఎక్కువ రోజులు పనికొచ్చింది ఎవరు? ఎంకయ్య భార్య. పంతొమ్మిదేళ్లు, నిన్నటిదాకా.

నీలిమ ఆ వరుస మళ్లీ చదివింది. ఎంకయ్య భార్య రాతిదుమ్ముకు దగ్గి దగ్గి పోయి నాలుగేళ్లు. యముడు కూడా మేస్త్రీ దగ్గర గేట్‌పాస్ రాయించుకుని తీసుకెళ్లి, పొద్దున తొమ్మిదింటికల్లా తిరిగి దింపుతున్నాడు కాబోలు.

ఫోన్ చేస్తే మేస్త్రీ జంగప్ప తేలిగ్గా అన్నాడు: “ఎంకయ్య మల్ల పెండ్లి చేస్కుండు గదమ్మా. గామెది, గీమెది ఒకటే వరుస. ఆడోళ్ల పేర్లు రాసేది లేదు మన దగ్గర, మొగని పేరే.”

నీలిమ ఫోన్ పెట్టేసింది. తర్వాత, ఎవరో చేయి పట్టి టైప్ చేయించినట్టు, ‘మనీష్ భార్య’ అని వెతికింది. ఆఫీసు బల్ల దగ్గర హాజరు. మొదటి తేదీ, నీలిమ పెళ్లికి ఐదేళ్ల ముందుది.

వందన. జ్వరంతో పోయిన మొదటి భార్య. ఇంట్లో ఫోటో కూడా లేని మనిషి. ఆమె రోజులు, నీలిమ రోజులు ఒకే వరుసలో కలిసిపోయాయి. ఒక్కో పేజీ ఎక్కించేటప్పుడు తన కంటికే కనబడని అతుకు. రేపు తను పోయినా, మనీష్ భార్య పనికి వస్తూనే ఉంటుంది.

సాయంత్రం మనీష్ అడిగాడు: “ఏది ఖాయం చేసినవ్?”

“సర్వర్.”

“గా పరేషానెందుకు? ఏది దిద్దినా అందరికి కనవడ్తది.”

“కనవడాలె.”

సర్వర్ వచ్చిన రోజు నీలిమ పట్టీలో పేరు అనే కొత్త గడి తెరిచింది. కొత్త వరుసలో తన పేరు రాసుకుంది. పాత వరుసలో వందన అని రాసి, ఆమె చివరి తేదీ దగ్గర తెంపేసింది. పోయిన తర్వాత కూడా ఆరేళ్లు సెలవు దొరకని వందన, ఆ పొద్దు డ్యూటీ దిగింది.